1,280 ఎకరాల లెక్క: ఒక అమెరికా పల్లె ఎలా పుట్టింది, ఎలా నిలిచింది

1845 జులైలో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు అమెరికాలోని విస్కాన్సిన్ ప్రాంతంలో 1,280 ఎకరాల నేల కొన్నారు. ఒకరు న్యాయాధికారిగా పనిచేసిన నికొలాస్ డ్యూర్‌స్ట్. మరొకరు కమ్మరి ఫ్రిడొలిన్ స్ట్రైఫ్. ఆ నేల తమ సొంతానికి కొన్నది కాదు. సముద్రం దాటి తమ వెనకే వస్తున్న సొంత సీమ జనం కోసం కొన్నది. ఆ నేల మీద వెలిసిన ఊరే న్యూ గ్లారస్. 2020 జనగణన ప్రకారం అక్కడి జనాభా 2,266.

ఈ ఊరి కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఓడ ప్రయాణంతో మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ ఎకరాల సంఖ్య దగ్గరే ఆగాలనిపిస్తుంది. 1,250 కాదు, 1,300 కాదు, 1,280 ఎందుకు? ఈ చిన్న ప్రశ్న వెంట వెళితే ఒహాయో నుంచి కాన్సస్, నెబ్రాస్కా వరకు పరచుకున్న 12 మిడ్‌వెస్ట్ రాష్ట్రాల్లో వ్యవసాయ పల్లెలు ఎలా పుట్టాయో చాలావరకు తెలుస్తుంది. కొన్ని ఎందుకు నిలిచాయో, కొన్ని ఎందుకు చెదిరిపోయాయో కూడా కొంత తెలుస్తుంది.

"విలేజ్" అంటే మన పల్లె కాదు

ముందుగా పేర్ల చిక్కు విప్పాలి. మన పల్లెలో ఇళ్లన్నీ ఒకచోట ఉంటాయి, పొలాలు ఊరి చుట్టూ ఉంటాయి. రైతు పొద్దున్నే ఊరి నుంచి పొలానికి వెళ్లి సాయంత్రానికి తిరిగి వస్తాడు. మిడ్‌వెస్ట్‌లో సాధారణంగా దీనికి తిరగబడిన అమరిక కనిపిస్తుంది. రైతు ఇల్లు, పశువుల కొట్టం, ధాన్యపు గాదె అన్నీ అతని పొలంలోనే ఉంటాయి. పొరుగింటికి వెళ్లాలంటే ఒక్కోసారి అర మైలు నడవాలి. ఊరికి వెళ్లేది సరుకు అమ్ముకోవడానికి, గుర్రానికి నాడాలు కొట్టించడానికి, ఆదివారం చర్చికి. అంటే అక్కడి వ్యవసాయ పల్లె రైతులు కాపురముండే చోటు కన్నా రైతులకు అవసరమైనవి దొరికే చోటు. దాని చుట్టూ ఉన్న పొలాలు బాగుంటే అది బాగుంటుంది.

చట్టం దగ్గరకు వస్తే చిక్కు ఇంకో రకం. మనం బడిలో చదువుకున్న ఇంగ్లీషులో విలేజ్ చిన్నది, టౌన్ దానికన్నా పెద్దది. విస్కాన్సిన్ చట్టంలో ఆ వరుస పనిచేయదు. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న చోట జనం తమకు ప్రత్యేక పాలన కావాలని కోరి, చట్టబద్ధంగా ఏర్పాటు చేసుకునేవి విలేజ్, సిటీ. ఆ రెండింటిలోనూ చేరని మిగిలిన నేలంతా ఏదో ఒక టౌన్ కిందికి వస్తుంది. కాబట్టి అక్కడ టౌన్ అంటే చాలాచోట్ల పొలాలు, అడవి, చెదురుమదురు ఇళ్లు. న్యూ గ్లారస్ పేరుతో రెండు పాలనలు ఉన్నాయి. మధ్యలో విలేజ్, దాని చుట్టూ అదే పేరుతో టౌన్. రెండింటికీ వేర్వేరు బోర్డులు, వేర్వేరు పన్నులు.

విలేజ్ అంటే చిన్నదే అయి ఉండాలన్న నియమం కూడా లేదు. షికాగో శివార్లలో ఎంతోమంది తెలుగువాళ్లకు తెలిసిన షాంబర్గ్ జనాభా 78 వేలు దాటింది. చట్టం దృష్టిలో అది ఇప్పటికీ విలేజే. ఇల్లినాయ్ చట్టం అందుకు ఒప్పుకుంటుంది.

అందుకే "ఈ ఊరు ఎప్పుడు పుట్టింది?" అన్న ప్రశ్నకు ఒకటి కన్నా ఎక్కువ జవాబులు దొరుకుతాయి. న్యూ గ్లారస్‌లో జనం స్థిరపడింది 1845లో. చట్టబద్ధమైన విలేజ్ అయింది 1901లో. రెండూ సరైనవే. ఊరి చరిత్రలు చదివేటప్పుడు ఏ పుట్టుక గురించి చెబుతున్నారో చూసుకోవాలి.

మనుషుల కన్నా ముందే గీసిన గళ్లు

ఇప్పుడు 1,280 సంగతి. స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక అమెరికా ప్రభుత్వం అప్పుల్లో ఉంది. చేతిలో డబ్బు లేదు. పడమట మాత్రం తనదని చెప్పుకుంటున్న నేల అంతులేనంత ఉంది. ఆ నేలను అమ్మడానికి 1785లో ఒక చట్టం చేశారు. ముందు కొలవాలి, తర్వాతే అమ్మాలి అన్నది దాని మూలసూత్రం. నేలను ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న చదరాలుగా విడగొట్టారు. అలాంటి ఒక్కో చదరాన్ని టౌన్‌షిప్ అంటారు. ఒక టౌన్‌షిప్‌లో 36 చిన్న చదరాలు. ఒక్కొక్కటి ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. దాన్ని సెక్షన్ అంటారు. ప్రతి టౌన్‌షిప్‌లో 16వ సెక్షన్‌ను బడి కోసం వదిలిపెట్టారు.

ఇప్పుడు లెక్క వేయవచ్చు. రెండు సెక్షన్లు కలిపితే 1,280 ఎకరాలు. డ్యూర్‌స్ట్, స్ట్రైఫ్ కొన్నది సరిగ్గా రెండు సెక్షన్లంత విస్తీర్ణం. అందులో 1,200 ఎకరాలు సాగు కోసం, మిగతా 80 ఎకరాలు కలప కోసం. ప్రభుత్వ ధర ఎకరానికి ఒక డాలరు పాతిక సెంట్లు. మొత్తం 1,600 డాలర్లు. సెక్షన్‌ను నాలుగు భాగాలు చేస్తే 160 ఎకరాలు, ఆ పావును మళ్లీ నాలుగు చేస్తే 40. ఈ కొలతల్లో తప్ప ప్రభుత్వం దగ్గర నేల దొరకడం కష్టం. కొనేవాడి అవసరం ఎంతైనా అమ్మకం గళ్ల లెక్కలోనే జరిగేది.

ఆ గళ్లకు చిరునామా కూడా ఉంది. న్యూ గ్లారస్ ఉన్న చదరాన్ని "టౌన్‌షిప్ 4 ఉత్తరం, రేంజ్ 7 తూర్పు" అంటారు. విస్కాన్సిన్‌లో ఉత్తర దిశ లెక్క ఇల్లినాయ్ సరిహద్దు నుంచి మొదలవుతుంది. నాలుగో టౌన్‌షిప్ అంటే మూడు చదరాలు దాటాక వచ్చేది. కాబట్టి ఊరు సరిహద్దుకు ఉత్తరంగా 18 నుంచి 24 మైళ్ల మధ్య ఉండాలి. తూర్పు దిశ లెక్క నాలుగో ప్రధాన మధ్యాహ్న రేఖ అనే సర్వే గీత నుంచి మొదలవుతుంది. రేంజ్ అంటే ఆరు మైళ్ల వెడల్పున్న నిలువు వరుస. ఏడో రేంజ్ అంటే ఆ గీతకు తూర్పుగా 36 నుంచి 42 మైళ్ల మధ్య. పటం తెరిచి కొలిస్తే ఊరు అక్కడే ఉంటుంది. ఊరున్న గ్రీన్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) మొత్తం ఇలాంటి 16 చదరాల కూర్పు, అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు. 16ను 36తో గుణిస్తే 576 చదరపు మైళ్లు రావాలి. కౌంటీ అసలు విస్తీర్ణం సుమారు 584. గొలుసులు పట్టుకుని అడవుల్లో, బురదల్లో నడిచిన సర్వేయర్లు గీసిన గీతలు అవి. అంత పెద్ద విస్తీర్ణంలో వచ్చిన ఆ కాస్త తేడా చూస్తే నాకు వాళ్ల మీద గౌరవమే పెరుగుతుంది.

ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అన్న వాదం పాతదే. సమర్థించేవాళ్లు చెప్పేది: హద్దు తగాదాలు తగ్గాయి, పట్టా స్పష్టంగా ఉంది, చదువురాని వలసదారు కూడా ఫలానా సెక్షన్‌లో ఫలానా పావు అని చెప్పి నేల కొనుక్కోగలిగాడు. విమర్శించేవాళ్లు చెప్పేది: ఈ గళ్లకు వాగు తెలియదు, కొండ తెలియదు. ఒకడికి నీళ్లున్న నేలంతా దక్కితే పక్కవాడికి రాతిగుట్ట మిగిలింది. పైగా ప్రతి రైతు తన గడి మధ్యలో ఇల్లు కట్టుకుని ఒంటరి అయ్యాడు. న్యూ గ్లారస్ ప్రాంతానికి ఈ విమర్శ గట్టిగా తగులుతుంది. పాత హిమానీనదాలు చదును చేయకుండా వదిలేసిన ప్రాంతం అది. గుట్టలూ లోయలూ ఎక్కువ. వాటి మీద తిన్నని గీతలు ఒదగవు.

ఆ నేలను అమ్మే హక్కు ఎలా వచ్చింది?

సర్వేయరు వచ్చేసరికి ఆ నేల ఖాళీగా ఉన్నట్టు చాలా ఊరి చరిత్రలు మొదలవుతాయి. అది నిజం కాదు. దక్షిణ విస్కాన్సిన్ హో-చంక్ అనే ఆదివాసీ ప్రజల నేల. 1820ల్లో సీసం గనుల కోసం తెల్లవాళ్లు గుంపులుగా వచ్చి పడ్డాక వరుసగా మూడు ఒప్పందాలు జరిగాయి, 1829లో, 1832లో, 1837లో. షుగర్ నదికి పడమటి నేల, అంటే తర్వాత న్యూ గ్లారస్ వెలిసిన భాగం, 1829 ఒప్పందంతోనే చేతులు మారింది.

మూడో ఒప్పందం కథ బాధాకరమైనది. వాషింగ్టన్‌కు వెళ్లిన హో-చంక్ బృందానికి నేల వదులుకునే అధికారమే లేదు. ఖాళీ చేయడానికి ఎనిమిదేళ్లు గడువు ఉందని వాళ్లు నమ్మారు. కాగితం మీద రాసింది ఎనిమిది నెలలు. తర్వాత దశాబ్దాల పాటు సైన్యం వాళ్లను మళ్లీ మళ్లీ పడమటికి తరలించింది, వాళ్లు మళ్లీ మళ్లీ తిరిగి వచ్చారు. ఇవాళ హో-చంక్ నేషన్ పాలనా కేంద్రం విస్కాన్సిన్‌లోనే, బ్లాక్ రివర్ ఫాల్స్‌లో ఉంది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. స్విస్ వలసదారులు ఈ అన్యాయంలో భాగస్వాములా? వాళ్లు ఎవరినీ స్వయంగా వెళ్లగొట్టలేదు, ప్రభుత్వం అమ్మితే కొన్నారు అన్నది ఒక వాదం. అలా కొనేవాళ్లు ఉన్నారు కాబట్టే ప్రభుత్వం ఆ నేలను అంత తొందరగా ఖాళీ చేయించింది అన్నది రెండోది. ఈ రెండు వాదాలూ ఒకదాన్నొకటి కొట్టేయవని నా అభిప్రాయం. మొదటిది మనుషుల ఉద్దేశం గురించి చెబుతోంది, రెండోది వ్యవస్థ నడిచిన తీరు గురించి చెబుతోంది. ఊరి వయసు 1845 నుంచి లెక్కించేటప్పుడు దానికి 16 ఏళ్ల ముందటి సంతకం కూడా ఆ కథలోదేనని గుర్తుంచుకోవాలి.

193 మంది బయలుదేరారు, 108 మంది చేరారు

గ్లారస్ తూర్పు స్విట్జర్లాండ్‌లోని ఒక చిన్న పర్వత రాష్ట్రం. రెండు వైపులా కొండలు, మధ్యలో సన్నని లోయ. సాగునేల తక్కువ. అక్కడి జనంలో చాలామంది నేత మీద, బట్టల అద్దకం మీద బతికేవాళ్లు. యంత్రాలు వచ్చాక చేతినేతకు పని తగ్గింది. 1840ల్లో బంగాళాదుంప పంటలూ దెబ్బతిన్నాయి. మగ్గం మీద బతికినవాళ్లకు యంత్రం ఏం చేస్తుందో తెలుగు నేలకు వేరే చెప్పనక్కర్లేదు.

1844లో అక్కడి గ్రామ సంఘాలు కలిసి ఒక వలస సంఘాన్ని ఏర్పాటు చేశాయి. పేదలను విడివిడిగా పంపకుండా అందరికీ ఒకేచోట నేల కొని ఊరికి ఊరునే పంపాలన్నది ఆలోచన. దీన్ని దయగా చూడాలా, వదిలించుకోవడంగా చూడాలా అన్నది స్విస్ వలస చరిత్రలో తరచూ వచ్చే ప్రశ్న. పేదల పోషణ భారం గ్రామ సంఘాల మీదే ఉండేది. ఏటా ఆ ఖర్చు భరించే కన్నా ఒకసారి దారి ఖర్చు ఇచ్చి పంపడం చౌక. ఎవరికి తోచింది వాళ్లను చేయనివ్వకుండా ముందే మనుషులను పంపి నేల చూపించి కొనడం మాత్రం శ్రద్ధతో చేసిన పనే. రెండు ఉద్దేశాలూ ఉన్నాయనడానికి ఆ ఏర్పాటే సాక్ష్యం.

1845 ఏప్రిల్‌లో 193 మంది బయలుదేరారు. రైన్ నది మీదుగా నెదర్లాండ్స్ తీరానికి, అక్కడి నుంచి ఏడు వారాల సముద్ర ప్రయాణంతో బాల్టిమోర్‌కు, తర్వాత ఒహాయో నది మీదుగా సెయింట్ లూయిస్‌కు చేరారు. ముందు వెళ్లిన ఇద్దరి జాడ అక్కడ దొరకలేదు. ఉత్తరం కన్నా మనుషులే ముందు చేరిపోయే కాలం అది. వాళ్లను వెతకడానికి మరో ఇద్దరిని పంపాల్సి వచ్చింది. వేసవి చివరికి విస్కాన్సిన్ చేరిన వాళ్ల సంఖ్య 108. మిగిలిన వాళ్లలో కొందరు దారిలో చనిపోయారు, కొందరు దారిలో దొరికిన పనులకు ఆగిపోయారు. డ్యూర్‌స్ట్ పని ముగించుకుని స్విట్జర్లాండ్‌కు వెళ్లిపోయాడు. స్ట్రైఫ్ అక్కడే ఉండిపోయాడు.

ఇరవై ఎకరాలు ఎక్కువా, తక్కువా?

సాగుకు కొన్న 1,200 ఎకరాలను 60 భాగాలు చేశారు. ఒక్కో భాగం 20 ఎకరాలు. ఎవరికి ఏ భాగమో చీట్లు వేసి పంచారు. కలప నేల అందరిదీ. ఎందుకంటే గడ్డిమైదానాలున్న ఆ ప్రాంతంలో వంట చెరకుకూ కంచెకూ ఇంటికీ చెట్లే అపురూపం. పంపకంలో ఈ 80 ఎకరాలను విడిగా ఉంచిన తీరు చూస్తే, నేల ఎంచిన ఆ ఇద్దరికీ ఏది ముఖ్యమో తెలుసని అర్థమవుతుంది.

అయితే ఇరవై ఎకరాలు అన్న అంకె గ్లారస్‌లో కూర్చుని వేసుకున్న లెక్క. ఆ ఇరుకు లోయలో ఇరవై ఎకరాలున్నవాడు మారాజు. విస్కాన్సిన్‌లో పక్కనే స్థిరపడిన తూర్పు రాష్ట్రాల రైతుల దగ్గర 80 ఎకరాలు, 160 ఎకరాలు ఉండేవి. అప్పటి ప్రధాన వాణిజ్య పంట గోధుమ. 1860 జనగణన నాటికి గోధుమ పండించడంలో దేశంలో ఇల్లినాయ్‌ది మొదటి స్థానం, విస్కాన్సిన్‌ది కూడా ముందు వరుసే. గోధుమలో ఎకరానికి మిగిలేది తక్కువ, అందుకే ఎక్కువ ఎకరాలు కావాలి. స్విస్ కుటుంబాలు కొద్ది కాలానికే పక్క నేలలు కొనడం మొదలుపెట్టాయి. వలస సంఘం గీసిన పంపకం గీతలు చెరిగిపోయాయి.

చిన్న కమతం ఈ ఊరికి శాపమైందా, వరమైందా? ఇక్కడ అభిప్రాయాలు వేరవుతాయి. కొందరు, స్విస్ జనానికి పశువులతో పుట్టుకతో వచ్చిన నేర్పు ఉంది కాబట్టి పాడి వైపు మళ్లారంటారు. మరికొందరు ఆ మాటను ఒప్పుకోరు. వచ్చినవాళ్లలో చాలామంది నేతగాళ్లు, పశువుల కాపరులు కారు. మొదట అందరిలాగే గోధుమే వేశారు. గోధుమ దెబ్బతిన్నప్పుడే పాడికి వెళ్లారు, మొత్తం విస్కాన్సిన్ కూడా అలాగే వెళ్లింది. నాకు రెండో వాదమే బలంగా కనిపిస్తుంది. కాకపోతే చీజ్ తయారీ తెలిసినవాళ్లు స్విట్జర్లాండ్ నుంచి తర్వాతి విడతల్లో వచ్చారు. సొంత భాష మాట్లాడే ఊరు ఒకటి అక్కడ ఉండబట్టే వచ్చారు.

గోధుమ పోయి చీజ్ వచ్చింది

1860ల్లో మూడు దెబ్బలు కలిసి వచ్చాయి. ఏటా గోధుమే వేయడంతో నేల నిస్సారమైంది. చించ్ బగ్ అనే రసం పీల్చే చిన్న పురుగు చేలకు చేలనే ఎండబెట్టింది. పడమట కొత్త నేలలు సాగులోకి వచ్చి పోటీ పెరిగింది. చాలామంది రైతులు పొలం అమ్ముకుని పడమటికి కదిలారు. న్యూ గ్లారస్ చుట్టుపక్కల వాళ్లు కదలకుండా పంట మార్చారు. 1868లో నిక్లాస్ గెర్బర్ అక్కడ లింబర్గర్ చీజ్ ఫ్యాక్టరీ పెట్టాడు. లింబర్గర్ ఘాటైన వాసన ఉండే మెత్తని చీజ్. ఆ వెంటనే పెద్ద చక్రాల్లా ఉండే స్విస్ చీజ్ కూడా మొదలైంది. పాఠకులు దీన్ని మన జున్నుతో కలపకూడదు. జున్ను ఈనిన కొత్తలో వచ్చే పాలతో వండుకునేది. చీజ్ అంటే పాలను రెన్నెట్ అనే పదార్థంతో విరగ్గొట్టి, నీరు పిండి, ఉప్పు పట్టించి, నెలల తరబడి మాగబెట్టేది.

చీజ్ ఎందుకు, పాలే అమ్మవచ్చు కదా అని అడగవచ్చు. పాలు సాయంత్రానికి విరుగుతాయి. మాగిన చీజ్ నెలలు నిలుస్తుంది. బరువు లెక్క ఇంకా ముఖ్యం. సుమారు పది కిలోల పాలకు ఒక కిలో చీజ్ వస్తుంది. రైలు దొరికే మన్రో పట్టణానికి న్యూ గ్లారస్ నుంచి దాదాపు 16 మైళ్లు. ఒక బండిలో 500 కిలోలు పడతాయనుకుందాం. పాలు వేస్తే 500 కిలోల పాలే వెళతాయి, అవీ చేరేలోపు పాడవుతాయి. అదే బండిలో చీజ్ వేస్తే 5,000 కిలోల పాల విలువ ఒక్క ప్రయాణంలో వెళుతుంది. దారి బాగాలేని పల్లెకు చీజ్ ఒక విధంగా దూరాన్ని పదో వంతుకు తగ్గించింది.

అయితే పాలు ఫ్యాక్టరీ వరకైనా విరగకుండా చేరాలి. స్విస్ చీజ్‌కు వేసవిలో రోజుకు రెండు పూటలా తాజా పాలు కావాలి. గుర్రపు బండి మీద రోజుకు రెండుసార్లు వెళ్లి రావాలంటే ఫ్యాక్టరీ ఎంత దూరంలో ఉండవచ్చు? గ్రీన్ కౌంటీలో ఒక దశలో రెండు వందలకు పైగా చీజ్ ఫ్యాక్టరీలు ఉండేవి. కౌంటీ 584 చదరపు మైళ్లు. రెండు వందలతో భాగిస్తే ఒక్కో ఫ్యాక్టరీకి మూడు చదరపు మైళ్ల కన్నా తక్కువ. అంత వైశాల్యం ఉన్న వృత్తానికి వ్యాసార్థం సుమారు ఒక మైలు. అంటే సగటున ఏ రైతు కొట్టం నుంచైనా మైలు దూరంలో ఒక ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అన్న మాట విని పొగగొట్టాలు ఊహించుకోవద్దు. రాగి పాత్ర, పొయ్యి, మాగబెట్టే నేలమాళిగ, పైన చీజ్ చేసేవాడి కాపురం. చాలాచోట్ల చుట్టుపక్కల రైతులు కలిసి కట్టిన ఇల్లే అది. చీజ్ చేసేవాడికి రాబడిలో వాటా ఇచ్చేవారు.

ఊరి ఎదుగుదల అసలు రహస్యం ఇక్కడే ఉందని నేననుకుంటాను. గోధుమ రైతుకు ఏడాదికి ఒకసారి డబ్బు కనపడుతుంది. పాడి రైతుకు ఏడాదిలో చాలా నెలలు ఏదో ఒక రాబడి ఉంటుంది. చేతిలో తరచూ డబ్బు ఆడే రైతులు చుట్టూ ఉంటే దుకాణం నిలుస్తుంది, కమ్మరి నిలుస్తాడు, బడి నిలుస్తుంది.

రైలు ఊరిని పుట్టిస్తుందా?

మిడ్‌వెస్ట్‌లో చాలా ఊళ్లకు రైలే తల్లి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఉన్న జంట నగరాల కథ దీనికి చక్కని ఉదాహరణ. మన విద్యార్థులు ఎంతోమంది అక్కడ చదివారు, చదువుతున్నారు. పాత ఊరు అర్బానా. 1854లో ఇల్లినాయ్ సెంట్రల్ రైలుమార్గం ఆ ఊరికి రెండు మైళ్లు పడమటగా వెళ్లింది. స్టేషన్ చుట్టూ కొత్త ఊరు లేచింది, దాన్ని మొదట పడమటి అర్బానా అన్నారు. అదే ఇప్పటి షాంపేన్, జనాభాలో పాత ఊరి కన్నా పెద్దది. రెండు మైళ్ల తేడా ఒక ఊరిని పుట్టించింది, ఇంకో ఊరిని వెనక్కు నెట్టింది.

న్యూ గ్లారస్‌కు రైలు 1887లో వచ్చింది, బ్రాడ్‌హెడ్ అనే ఊరి నుంచి వేసిన ఒక శాఖా మార్గంగా. అంటే ఊరు వెలిసిన 42 ఏళ్లకు. ఇక్కడ రైలు ఊరిని పుట్టించలేదు, ఊరిలో తయారవుతున్న సరుకే రైలును రప్పించింది. వచ్చాక మాత్రం ఊరి తీరు మారింది. 1901లో విలేజ్ హోదా వచ్చింది. 1910లో హెల్వీషియా అనే సంస్థ చిక్కబరచిన డబ్బా పాల కర్మాగారం పెట్టింది. అదే సంస్థ తర్వాత పెట్ మిల్క్ అయింది. చీజ్ కోసం పొలాల మధ్య చెదిరి ఉన్న పాల వ్యాపారంలో పెద్ద భాగం ఇప్పుడు ఊళ్లోకి వచ్చింది. వారం వారం జీతం తీసుకునే పనివాళ్లు ఊళ్లో తయారయ్యారు.

మళ్లీ స్విస్ అయిన స్విస్ ఊరు

1962లో ఆ పాల కర్మాగారం మూతపడింది. రెండువేల లోపు జనం ఉన్న ఊరికి అది పెద్ద దెబ్బ. పాలు ఇప్పుడు చల్లని ట్యాంకర్లలో వంద మైళ్లయినా వెళ్లగలవు. మైలుకో ఫ్యాక్టరీని నిలబెట్టిన కారణమే పోయింది. పొలాల మధ్య చీజ్ ఇళ్లు ఒక్కొక్కటే మూతపడి కాపురాలుగా మారాయి.

ఊరు అప్పుడు తన పుట్టుకనే ఆదాయం చేసుకుంది. దానికి బీజాలు ముందే ఉన్నాయి. 1937లో ఎడ్విన్ బార్లో స్విస్ పర్వత గృహం నమూనాలో ఒక ఇల్లు కట్టించాడు. 1938 నుంచి ఏటా స్విస్ జానపద వీరుడు విలియం టెల్ నాటకాన్ని ఆరుబయట ఆడుతున్నారు. 1965లో, స్విస్ పిల్లల నవలలోని పాప హైడీ పేరు మీద, హైడీ ఉత్సవం మొదలైంది. దుకాణాల ముంగిళ్లకు చెక్క వసారాలు, పూలకుండీలు, రంగు జెండాలు వచ్చాయి. వ్యాపార వీధిలో కొత్త భవనాలు స్విస్ తీరులో ఉండాలని విలేజ్ నిబంధన కూడా పెట్టుకుంది.

ఇది నిజమైన వారసత్వమా, సందర్శకుల కోసం కట్టిన తెరా? అనుమానించేవాళ్ల దగ్గర గట్టి ఆధారం ఉంది. తొలి తరాలు కట్టుకున్న ఇళ్లు పొరుగు అమెరికన్ ఇళ్ల లాంటివే. చెక్క వసారాల ముంగిళ్లు ఎక్కువగా 1930ల తర్వాతివి. అందులోనూ చాలా భాగం 1960ల తర్వాతిది. సమర్థించేవాళ్ల దగ్గరా ఆధారం ఉంది. గ్లారస్ యాస ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా ఇళ్లలో వినిపించింది. పాటల బృందాలు, చర్చి, వంటలు మధ్యలో తెగిపోలేదు. నా దృష్టిలో గోడలు కొత్తవి, గొంతు పాతది. అమెరికాలో గుడి గోపురాన్ని మన శిల్పులతో కట్టించుకున్న తెలుగువాళ్లకు ఈ ప్రశ్న అంత దూరంగా అనిపించదు. దేశం మారాక కట్టుకున్న కట్టడం పాత ఊళ్లోని దానికి నకలు కాకపోవచ్చు. దాన్ని కట్టించిన అవసరం మాత్రం నిజం.

ఇప్పటి లెక్క

1972లో రైలుమార్గాన్ని తీసేశారు. ఆ దారి ఇప్పుడు షుగర్ నది వెంట సాగే సైకిల్ బాట. పాత స్టేషన్ ఆ బాటకు కార్యాలయం. 1993లో మొదలైన న్యూ గ్లారస్ బ్రూయింగ్ బీరు ఊరి పేరును రాష్ట్రమంతా మోస్తోంది. రాష్ట్రం దాటి అమ్మకూడదని వాళ్లు తీసుకున్న నిర్ణయం వల్ల బీరు కోసమే ఊరికి వచ్చేవాళ్లు ఉన్నారు. రాజధాని మాడిసన్ కారులో ముప్పావు గంట లోపే కాబట్టి అక్కడ ఉద్యోగం చేస్తూ ఇక్కడ కాపురముండేవాళ్లు పెరిగారు.

ఊరి జనాభా 2010లో 2,172, 2020లో 2,266. పెరుగుదల చిన్నదే, కానీ పెరుగుదలే. పాడి లెక్క దీనికి ఎదురు దిశలో నడుస్తోంది. విస్కాన్సిన్ మొత్తంలో 2004లో 15 వేలకు పైగా ఉన్న పాడి కమతాలు 2024 నాటికి 6 వేల కన్నా తక్కువకు పడిపోయాయి. ఆవుల సంఖ్య అంతగా తగ్గలేదు, మందలు పెద్దవయ్యాయి, రైతులు తగ్గారు. రైతుల కోసం పుట్టిన ఊరు ఇప్పుడు రైతులు తగ్గుతున్నా నిలిచి ఉంది. దీన్ని ఊరి విజయమనేవాళ్లు ఉన్నారు. పొలాలతో తెగిపోయాక అది వ్యవసాయ పల్లె ఎలా అవుతుందని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ ఊరి చుట్టూ ఎక్కడ ఇళ్లు కట్టనివ్వాలి, ఎక్కడ పొలాన్ని పొలంగానే ఉంచాలి అన్న చర్చలో ఈ రెండు వాదాలూ ఎదురుపడతాయి.

ఆ చర్చ ఎలా తేలినా, రేపు అక్కడ ఒక పాడి పొలం ఇళ్ల స్థలాలుగా మారితే దాని దస్తావేజులో కొనేవాడి పేరు, అమ్మేవాడి పేరు తర్వాత నేల ఆనవాలు రాయాలి. సెక్షన్‌లో ఏ పావు, ఏ పావులో పావు అని. ఆ తర్వాత: టౌన్‌షిప్ 4 ఉత్తరం, రేంజ్ 7 తూర్పు.